సున్నా దగ్గర ఆగిన లెక్క

రాజాం ఊరి చివర ఆడపిల్లల డిప్లమో కాలేజీ ఒకటుంది. దాని ల్యాబులో ఇరవై కంప్యూటర్లు. ముసుగులు తీసి మీట నొక్కితే వెలిగేవి మాత్రం పదకొండే. అందుకని ఇద్దరికి ఒకటి. మొదటి రోజు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో మూడేళ్ళూ వాళ్ళే జంట. కుసుమకుమారి ఆ రోజు చిలకపాలెంలో బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చింది. అప్పటికి బిందు పక్క కుర్చీ ఒక్కటే మిగిలింది.

బిందు ఉమాపతిగారి కూతురు. రాజాం బజారులో పప్పుల కొట్టు వాళ్ళది. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ ఉంది. పదివేళ్ళతో టైపు చేస్తుంది, కీబోర్డు వైపు చూడదు. కుసుమకుమారిది సముద్రం ఒడ్డు పల్లె. పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఆమె ఒక్కో అక్షరాన్నీ వెతికి చూపుడువేలితో పొడుస్తుంది, రొయ్య మీసం పట్టి లాగినట్టు. అందుకని మొదటి వారంలోనే ఒక పద్ధతి కుదిరిపోయింది. కుసుమ ఆలోచించి చెప్పాలి, బిందు టైపు చెయ్యాలి. ఎవరూ అనుకోలేదు, అలా జరిగిపోయిందంతే.

ఏడాదిన్నరగా కుసుమ కడుపులో రగులుతున్నదంతా ఆ పద్ధతి లోపలే ఉంది. తెర మీద ప్రోగ్రామ్ సరిగ్గా నడిస్తే సార్ చూసేది కీబోర్డు మీద ఉన్న వేళ్ళనే. ఆ వేళ్ళు బిందువి. గోళ్ళకి గులాబీ రంగు కూడా ఉంటుంది.

పోనీ బిందు పొగరుబోతా అంటే అదీ కాదు. టిఫిను మూత తీస్తే సగం కుసుమ వైపు జరుపుతుంది. కొత్త పెన్ను కొంటే రెండు కొంటుంది. చెడ్డదైనా బాగుండునని కుసుమ ఎన్నోసార్లు అనుకుంది. చెడ్డవాళ్ళని చూసి కుళ్ళుకుంటే దానికో అర్థం ఉంటుంది. మంచిదాన్ని చూసి కుళ్ళుకోవడం ఎవరికి చెప్పుకోవాలి?

రెండువేల పద్నాలుగు డిసెంబరులో ఒక సోమవారం జగన్నాధం సార్ ల్యాబులోకి వచ్చి రెండు సంగతులు చెప్పారు. మొదటిది, వచ్చే నెల విజయనగరంలో కాలేజీల మధ్య ప్రోగ్రామింగ్ పోటీ ఉంది, మూడు రోజులు, ఈ క్లాసు నుంచి ఒక్కరికే చోటు. రెండోది, ఆ ఒక్కరు ఎవరో ఈ పాఠంతోనే తేలుస్తానని.

సార్‌ది పాతపట్నం. పాఠం పుస్తకంలోంచి మొదలుపెట్టడం ఆయనకి చేతకాదు, ఎప్పుడూ ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఇన్నాళ్ళూ మీరు రాసిన ఫంక్షన్లకి రెండు విలువలు కావాలంటే రెండే ఇచ్చారు, మూడు కావాలంటే మూడే ఇచ్చారు, మరి తెర మీద విలువలు రాసే ప్రింట్ఎఫ్ సంగతేమిటని అడిగారు. దానికి ఒకటిస్తే ఒకటి రాస్తుంది, పదిస్తే పదీ రాస్తుంది. తనకి ఎన్ని ఇచ్చారో దానికెలా తెలుస్తుంది?

క్లాసు నేల చూపులు చూసింది. కుసుమకి తెలుసు. జవాబు నాలుక చివర ఉంది. కానీ ఇరవై మంది మధ్య లేచి నిలబడి మాట్లాడాలంటే ఆమెకి గొంతులో ఇసక పోసినట్టవుతుంది. అందుకని తను బిందు చెవిలో మెల్లిగా చెప్పింది, ముందు కొటేషన్లలో పర్సెంట్ గుర్తులు ఎన్నుంటే అన్నని. బిందు లేచి ఆ మాటే గట్టిగా చెప్పింది.

"శెబాష్ బిందూ," అన్నారు సార్.

బిందు కూర్చుంటూ కుసుమ మోచేతిని గిల్లింది, థ్యాంక్స్ అన్నట్టు. ఆ గిల్లిన చోట కుసుమకి సాయంత్రం దాకా మండుతూనే ఉంది.

సార్ బోర్డు మీద ఫంక్షను పేరు రాసి, బ్రాకెట్టులో ఒక విలువ రాసి, దాని పక్కన మూడు చుక్కలు పెట్టారు. సి భాషలో ఆ మూడు చుక్కలంటే ఇక మీ ఇష్టం, ఎన్నయినా ఇచ్చుకోండని. వాటిని ఒక్కొక్కటిగా అందుకోడానికి మూడు మాటలున్నాయి. వి.ఏ. స్టార్ట్ అంటే చెయ్యి పెట్టు, వి.ఏ. ఆర్గ్ అంటే తరవాతిది తియ్యి, వి.ఏ. ఎండ్ అంటే చెయ్యి కడుక్కో.

"అయితే ఒకటి గుర్తుంచుకోండి," అన్నారు. "ఎన్ని ఇచ్చారో ఆ ఫంక్షనుకి తెలీదు. ఎన్నో ముందే సెప్పాల. లేదంటే ఎక్కడ ఆగాలో ఆఖర్న ఒక గుర్తయినా పెట్టాల. రెండే దార్లు. మూడోది లేదు."

ఎన్ని సంఖ్యలిచ్చినా కూడి మొత్తం చెప్పే ఫంక్షన్ గురువారానికల్లా రాసుకురావాలని, ఈసారి జంటగా కాదు, ఎవరిది వాళ్ళే రాయాలని చెప్పి వెళ్ళిపోయారు.

ఎవరిది వాళ్ళే అన్న మాట వినగానే కుసుమకి ఒంట్లో కొత్త రక్తం ఎక్కినట్టయింది. హాస్టల్లో మంచం మీద బోర్లా పడుకుని నోటు పుస్తకంలో కాగితం మీదే ప్రోగ్రామ్ అంతా రాసింది. మొదటి దారే ఎంచుకుంది. మొదటి సంఖ్య ఎన్ని విలువలో చెబుతుంది, తరవాత ఆ విలువలు. ఏడంటే ఏడుసార్లు చెయ్యి పెట్టి తీస్తుంది, ఆగిపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఎక్కడా దారం పోగు కూడా లేవలేదు.

గురువారం పొద్దున్న బిందు తన ప్రోగ్రామ్ చూపించింది. ఆమె రెండో దారిన వెళ్ళింది. సంఖ్యలన్నీ వరసగా ఇచ్చి, చివర సున్నా పెడితే చాలు. సున్నా కనపడగానే ఫంక్షన్ ఆగి మొత్తం చెప్పేస్తుంది. ముందు లెక్కపెట్టుకునే పనే లేదు. నీలం తెర మీద అది చూడ్డానికి కూడా పొందికగా ఉంది, బిందు కొట్టులో పప్పు డబ్బాలు సర్దినట్టు.

అది చూడగానే కుసుమకి తన ఇంటి గోడ గుర్తొచ్చింది.

ఆ గోడ వాళ్ళ మామ్మది, ఆవిడ పేరు తాతమ్మ. తాతమ్మకి చదువు రాదు. ఇంటి వెనక సిమెంటు గోడ మీద బొగ్గుముక్కతో రోజుకో గుర్తు పెడుతుంది. కుసుమ తండ్రి అప్పలసూరి తెప్ప ఒడ్డుకొచ్చి ఎన్ని గంపల చేప దించితే అన్ని నిలువు గీతలు. తెప్ప ఉత్తినే తిరిగొస్తే ఒక గుండ్రం. చిన్నప్పుడు కుసుమ ఆ గుండ్రాలు చూసి, చేప లేని రోజుని రాయడమెందుకే మామ్మా అని అడిగింది. అప్పుడు తాతమ్మ అన్న మాట ఆమెకి ఇప్పటికీ గుర్తే.

"గంప రానంత మాత్రాన రోజు రాలేదేటే? అది రాయకపోతే మీ బాబు ఆవేళ సముద్రం మీదకి ఎల్లనేదన్నట్టు కదా."

కాబట్టి సున్నా అంటే ఆఖరు కాదు. సున్నా తరవాత కూడా రోజులుంటాయి. ఈ ప్రోగ్రామ్‌కి తాతమ్మ గోడని చూపిస్తే మొదటి గుండ్రం దగ్గరే కళ్ళు మూసుకుంటుంది. ఆ సంగతి కుసుమకి రెప్పపాటులో అర్థమైంది. బిందుకి తట్టకపోవడంలో వింతేమీ లేదు. పప్పుల కొట్టులో సున్నా బస్తాలని ఎవరు రాస్తారు?

"ఒసే కుసుమా, ఏటైనా తప్పుందేటో సూడవే," అంది బిందు. "నీ కంటికైతే కనపడతాది."

కుసుమ తెర వైపు చూసింది. గులాబీ గోళ్ళ వైపు చూసింది.

"బాగుంది," అంది.

చిన్న మాట. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

మర్నాడు సార్ అందరి రికార్డులూ చూశారు. క్లాసు మొత్తం మీద మూడు చుక్కల్ని సొంతంగా దాటింది ఇద్దరే. మిగతా వాళ్ళు పుస్తకంలోది దించారు, లేదా సగంలో వదిలేశారు. సార్ ఇద్దర్నీ లేపి, శని, ఆదివారాలు ఇళ్ళకి వెళ్ళి, మీ ఇంటి పనికి సంబంధించిన ఒక వారం లెక్క కాగితం మీద రాసి తెమ్మన్నారు. సోమవారం అందరి ముందూ పరీక్ష. ఎవరి ప్రోగ్రామ్ నిలబడితే వాళ్ళు విజయనగరం.

పరీక్షంటే సార్ ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఎవరి అంకెలు వాళ్ళకివ్వరు. పక్కవాళ్ళవి మార్చి ఇస్తారు. తన వంటని తనే రుచి చూస్తే ఏం తెలుస్తుందంటారాయన.

శనివారం మధ్యాహ్నం కుసుమ బస్‌స్టాండులో నిలబడి ఉంటే బిందు వాళ్ళ నాన్న స్కూటరు మీద అటువైపు వచ్చింది. ఉమాపతిగారు బండి ఆపి కుసుమని బాగున్నావా అమ్మా అని పలకరించారు. మా బిందు సున్నాతో ఆపుతాదట కదా, నువ్వు ముందే సంఖ్య సెప్తావట కదా అని కూడా అన్నారు. కూతురు ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ చెబుతుందన్నమాట. కుసుమకి గుండెలో ముల్లు దిగినట్టయింది. తన నాన్న ఒకే ఒక్కసారి కాలేజీకి వచ్చాడు. ఒంటికి చేప వాసనుందని గేటు దాటి లోపలికి రాలేదు. ఏం చదువుతున్నావని ఎప్పుడూ అడగలేదు. అడిగినా ఏమని చెప్పాలి?

బిందు స్కూటరు దిగి దగ్గరికి వచ్చింది.

"ఒకటి సెప్పనా? నీ దాంట్లో ఎన్నో ముందే సెప్పాల గదే. ఎవలైనా తప్పు సెప్తే ఏటవుద్ది? మా కొట్టు లెక్కయితే..."

"నాది నాకు తెలుసులే," అంది కుసుమ.

అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. తన ప్రోగ్రామ్‌లోనే తప్పున్న మనిషి వచ్చి తనకి తప్పులు చూపించడం ఆమెకి ఒళ్ళు మండించింది. బిందు మొహం చిన్నబోయింది. మిగతా మాట నోట్లోనే ఉంచుకుని వెళ్ళి స్కూటరెక్కింది. చిలకపాలెం బస్సు వచ్చేదాకా కుసుమ ఆ స్కూటరు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది.

ఇంటికెళ్ళేసరికి తాతమ్మ పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కుసుమ తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి ఆఖరి వారం గుర్తులు చూసింది. నాలుగు గీతలు. ఆరు గీతలు. గుండ్రం. తొమ్మిది. మూడు. గుండ్రం. అయిదు. కావాలని పెట్టించుకున్నట్టు రెండు గుండ్రాలు.

ఆమె కాగితం మీద దించుకుంటుంటే తాతమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఏటే గుంటా, నా గోడతోటి నీకేటి పని?"

కాలేజీలో చూపించాలని చెప్పింది కుసుమ. తాతమ్మ మనవరాలి మొహంలోకి తొంగి చూసింది. "గుండ్రాలు రాస్తున్నప్పుడు నవ్వుతన్నావేటే," అంది. "ఆ రెండ్రోజులూ మీ బాబు పొయ్యి దగ్గరకి కూడా రానేదు, తెలుసా?"

కుసుమ నవ్వు ఆపుకుంది. తను నవ్వుతున్నట్టు తనకే తెలీదు. ఆ రాత్రి అన్నం తింటూ నాన్న చేతుల వైపు చూసింది. వల తాడు కోసిన గాట్లు అరచేతి నిండా ఉన్నాయి. ఆయన గంప దించలేకపోయిన ఆ రెండు రోజులే తన చేతికి ఆయుధం అవుతున్నాయని తోచి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. కానీ ఆ కాగితాన్ని మాత్రం పుస్తకంలో భద్రంగా దాచుకుంది.

సోమవారం సార్ రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టించారు. క్లాసంతా చుట్టూ మూగింది. మొదటి బెంచీ హైమ, నిన్న రాత్రి నుంచీ నాకు నిద్రలేదు, ఇద్దర్లో ఎవరు గెలిచినా నాకు జీళ్ళు పెట్టాలని ముందే బేరం పెట్టింది. అందరూ నవ్వారు. సార్ ఇద్దరి కాగితాలూ తీసుకుని అటుదిటు, ఇటుదటు చేశారు.

ముందు బిందు. తాతమ్మ గోడ మీద అంకెల్ని వరసగా టైపు చేసింది. నాలుగు, ఆరు, సున్నా, తొమ్మిది, మూడు, సున్నా, అయిదు. చివర తన ఆగే సున్నా. టైపు చేస్తున్నప్పుడైనా ఆమెకి తడుతుందేమోనని కుసుమ ఊపిరి బిగబట్టింది. తట్టలేదు. ఆ వేళ్ళకి వేగమెక్కువ.

మీట నొక్కింది. తెర మీద పది అని వచ్చింది.

సార్ కాగితం చూసి నోటితో కూడారు. ఇరవై ఏడు రావాలన్నారు. "నాలుగూ ఆరూ పది. మూడో రోజు నుంచి సముద్రం ఎండిపోయిందేటమ్మా?"

క్లాసు గొల్లుమంది. బిందు చెవులు ఎర్రబడ్డాయి. కుసుమకి లోపల ఎక్కడో చల్లగా, హాయిగా అనిపించింది. మండిన చోట మంచినీళ్ళు పోసినట్టు. ఏడాదిన్నరకి ఇదే మొదటిసారి.

ఆ చల్లదనంలోనే ఆమె తన కీబోర్డు దగ్గర కూర్చుంది. బిందు కాగితం ముందు పెట్టుకుంది. ఎన్ని రోజులు? వారం. వారమంటే ఏడు. తాతమ్మ గోడ మీద వారం ఎప్పుడూ ఏడే. ముందు ఏడు కొట్టింది, తరవాత చూపుడువేలితో ఒక్కొక్కటీ వెతికి పన్నెండు, తొమ్మిది, పదిహేను, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు కొట్టింది. కాగితం అయిపోయింది. లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని కూడా తోచలేదు, కళ్ళ ముందు విజయనగరం కనపడుతోంది.

మీట నొక్కింది.

తెర మీద మైనస్ పన్నెండు వందల అరవై నాలుగు అని వచ్చింది.

హైమ మెల్లిగా, "ఉమాపతిగారి కొట్లోంచి పప్పు వెనక్కి పోతన్నాదేటే?" అనేసరికి గది దద్దరిల్లిపోయింది. బిందు మాత్రం నవ్వలేదు.

సార్ వంగి తెర చూసి, కాగితం చూసి, వేలితో ఒక్కొక్క అంకె మీదా తట్టుకుంటూ లెక్కపెట్టారు. ఆరు.

"ఏడు అడిగేవు. ఆర్రోజులవే ఉన్నాయిక్కడ," అన్నారు. "అది నేదని సెప్పదమ్మా. అడిగితే ఇస్తాది. ఇచ్చినవి అయిపోయేక, ఆ పక్కన మెమరీలో ఏటి పడుంటే అది తీసి నీ చేతిలో పెడతాది. అది ఎవలిదో, ఏటో దానికక్కర్లేదు."

బిందు అప్పుడు నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"ఆదివారం మా కొట్టు మూసేస్తాం. మూసిన రోజు మేం ఏటీ రాయం. శనివారం బస్‌స్టాండులో అదే సెప్పబోయేను నీకు."

కుసుమ తలెత్తలేకపోయింది. తనని పొడవడానికి వచ్చిందనుకున్న మాట తనని కాపాడ్డానికి వచ్చింది. సగంలో తుంచేసింది తనే.

సార్ గడియారం చూసుకున్నారు. పది నిమిషాలిస్తున్నాను, ఇద్దరూ సరిచేసుకోండి, ఎవరు ముందు సరైన జవాబు తెప్పించి చెయ్యెత్తితే వాళ్ళే విజయనగరం అని చెప్పి, చుట్టూ మూగినవాళ్ళని వాళ్ళ చోట్లకి పంపేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

కుసుమకి మార్చాల్సింది ఒక్క అంకె. ఏడు తీసి ఆరు పెట్టాలి. పెట్టింది. అరవై తొమ్మిది వచ్చింది. నిమిషం కూడా పట్టలేదు. ఇక చెయ్యెత్తడమే.

చెయ్యి బల్ల మీంచి లేచింది. భుజం దాకా రాలేదు. పక్కన బిందు రెండు చేతులూ కీబోర్డు మీద ఉంచి కదలకుండా కూర్చుంది. ఆ పది వేళ్ళూ ఆగిపోయి ఉండటం కుసుమ ఎప్పుడూ చూడలేదు. చివరి సున్నాని తీసేస్తే ఎక్కడ ఆగాలో తెలీదు. ఉంచితే మూడో రోజే ఆగిపోతుంది. బిందు ఆ ముడి దగ్గర చిక్కుకుంది.

"నా కాగితం సూసేక కూడా నీకు తట్టనేదేటి," అంది కుసుమ, తెర వైపే చూస్తూ.

బిందు ఆమె వైపు తిరిగింది. కాసేపు ఆ మొహంలో దేనికోసమో వెతికింది. తరవాత, దొరికినట్టు, మెల్లిగా అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు సూపించినప్పట్నుంచి."

"బాగుందన్నావు కదే."

"అన్నాను."

బిందు కుర్చీ ఒక జానెడు పక్కకి జరుపుకుంది. చప్పుడు చిన్నదే గానీ కుసుమకి చెంప మీద కొట్టినట్టు వినపడింది. తిట్టినా బాగుండేది. సార్‌కి చెప్పినా బాగుండేది. ఆమె ఏమీ అనలేదు, కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి, అవి కూడా బయటికి రానివ్వలేదు.

కుసుమ ముందు అరవై తొమ్మిది వెలుగుతూనే ఉంది. చెయ్యెత్తితే అయిపోతుంది. విజయనగరం, మూడు రోజులు, నాన్న పేరు పక్కన తన పేరు. ఆమె చేతిని వెనక్కి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"మైనస్ ఒకటి పెట్టు," అంది. "ఆఖర్న. గంపలు మైనస్ ఉండవు, బస్తాలూ ఉండవు. సున్నాని ఉండనీ, అదీ ఒక రోజే."

బిందు వెంటనే కదలలేదు. నమ్మాలా వద్దా అని ఆలోచిస్తోందని కుసుమకి తెలిసింది. ఈ మాట కూడా ఆ బాగుంది లాంటిదేమోనని. చివరికి వేళ్ళు కదిలాయి. రెండుచోట్ల మార్చింది. మీట నొక్కింది. ఇరవై ఏడు.

బిందు ఒకసారి కుసుమ తెర వైపు చూసింది. అక్కడ జవాబు సిద్ధంగా ఉందని, చెయ్యి మాత్రం ఒళ్ళో ఉందని చూసింది. చూసి, తల తిప్పుకుని, తన చెయ్యి పైకెత్తింది.

ఎంత నిటారుగా ఎత్తిందంటే గులాబీ గోళ్ళు ట్యూబులైటు వెలుగులో మెరిశాయి.

ఆ రాత్రి హాస్టల్లో కుసుమ నిద్రపోలేదు. మంచి పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరో అంటుంటే వింది. ఆమెకేమీ తేలిక కాలేదు. కుళ్ళు కుళ్ళులాగే ఉంది, ఇంకా ఎక్కువైంది కూడా. తన చోటు తన చేతులతోనే ఇచ్చేసింది, ఆ పిల్ల తీసేసుకుంది. అన్యాయమని అనడానికి కూడా నోరు లేదు. బిందు మీద కోపం తెచ్చుకోవాలని గంటసేపు ప్రయత్నించింది. ప్రతిసారీ అది ఆ కుర్చీ జరిగిన చప్పుడు దగ్గరే ఆగిపోయింది.

జనవరిలో బిందు విజయనగరం వెళ్ళింది. ఆ మూడు రోజులూ కంప్యూటర్ ముందు కుసుమ ఒక్కతే. కీబోర్డు మొత్తం ఆమెదే. ఆలోచించి చెప్పేదీ తనే, టైపు చేసేదీ తనే. మొదటి రోజు అది ఎంత బాగుందో, మూడో రోజుకి అంత ఖాళీగా అనిపించింది. ఏదైనా సరిగ్గా వచ్చినప్పుడు మోచేయి గిల్లేవాళ్ళు లేరు. చూపుడువేలితో పాటు మధ్యవేలిని కూడా వాడటం నేర్చుకుంది. ఇంటికెళ్ళినప్పుడు దించుకొచ్చిన తాతమ్మ గోడ మీది నెల మొత్తాన్ని టైపు చేసింది, ముప్పై ఒక్క రోజులు, ఏడు గుండ్రాలు. ఈసారి ముందు అంకె పెట్టేటప్పుడు వేలితో రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

బిందు మూడో బహుమతి తెచ్చింది. సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించి ఆఫీసు గదిలో గోడకి తగిలించారు. దాని మీద బిందు పేరు బంగారు అక్షరాల్లో ఉంది. కుసుమ ఆ గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వరండా మీదుగా వెళ్ళేది.

ల్యాబులో ఇద్దరూ మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నారు, వేరే చోటు లేదు గనక. పని మాటలు తప్ప మాటల్లేవు. టిఫిను మూతలు ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. అలా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు బిందు రికార్డు కోసం పాత ప్రోగ్రామ్‌నే మళ్ళీ రాసింది, వాళ్ళ కొట్టు నెల లెక్కతో. నడిపించకుండానే చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. కుర్చీ కొంచెం పక్కకి జరిపి తెర కుసుమకి కనపడేటట్టు చేసింది. ఆమె వైపు చూడకుండా అంది.

"ఇందులో ఏటైనా తప్పుందా? ఈపాలి నిజం సెప్పు."

కుసుమ చదివింది. పైనుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి. వి.ఏ. స్టార్ట్ ఉంది. వి.ఏ. ఆర్గ్ ఉంది. మైనస్ ఒకటి కనపడితే ఆగాలని ఉంది. కానీ అంకెల వరస చివర ఆ మైనస్ ఒకటి లేదు. అలాగే నడిపిస్తే ఇచ్చినవి అయిపోయినా ఆగదు, పక్కనున్నవన్నీ తోడుకుంటూ పోతుంది.

ఏడాదిన్నరలో బిందు వేళ్ళు అలాంటిది ఎప్పుడూ మర్చిపోలేదు. ఇప్పుడు మర్చిపోయిందో, కావాలనే మానేసిందో కుసుమకి తెలియలేదు. అడగలేదు కూడా. ఆఫీసు గదిలో బంగారు అక్షరాలు ఒకసారి కళ్ళ ముందు కదిలాయి, ఎప్పటిలాగే కుట్టాయి.

"ఉంది," అంది.

బిందు మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

"ఎక్కడ?"

కుసుమ వేలితో తెర మీద ఆ వరస చివర చూపించింది. బిందు కీబోర్డుని రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు పెట్టింది.

"నువ్వే కొట్టు," అంది.

కుసుమ చూపుడువేలితో మైనస్ గుర్తు కోసం వెతికింది. అది ఎక్కడుందో బిందుకి తెలుసు. అయినా చెప్పలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుసుమ వెతికి పట్టుకునేదాకా చూస్తూ కూర్చుంది.